జే, క్యూ, ఎక్స్, జెడ్ ఉన్న చిన్న ఆంగ్ల పదాలు: అర్థంతో సహా నేర్చుకొనే పద్ధతి

స్క్రాబుల్ (అక్షరాల బిళ్ళలతో బోర్డు మీద ఆంగ్ల పదాలు కూర్చే ఆట) ఆడే పిల్లల తల్లిదండ్రులు, ఈ మధ్యే ఆట మొదలుపెట్టిన పెద్దలు నన్ను పదేపదే అడుగుతున్న ప్రశ్న ఒకటే: పెద్ద విలువ ఉన్న అక్షరాలు చేతికి వచ్చినప్పుడు వాటిని ఖర్చుచేసే చిన్న పదాలను ఎలా గుర్తుపెట్టుకోవాలి? జాబితా ముద్రించుకొని వల్లెవేసినవారు పది రోజుల్లో సగం మరిచిపోతున్నారు. మిగిలిన సగానికి చివర ఎస్ చేరుతుందో లేదో తెలియక బల్ల దగ్గర తటపటాయిస్తున్నారు. ఈ రెండు ఇబ్బందులకూ మూలం ఒక్కటే. వారు పదాన్ని నేర్చుకున్నారు గాని దాని అర్థాన్ని నేర్చుకోలేదు.

ఈ మార్గదర్శిలో ఆంగ్ల పదాలను అక్షరాల పేర్లతో, మధ్యలో గీతలు పెట్టి రాస్తున్నాను. ‘క్యూ–ఐ’ అని ఉంటే అది ఆ రెండు అక్షరాలతో కూడిన పదమని గ్రహించగలరు. మీ నోటుపుస్తకంలో మాత్రం వాటిని బిళ్ళల మీద కనిపించేటట్టు ఆంగ్లంలో పెద్ద అక్షరాలతోనే రాసుకోండి. కన్ను గుర్తుపట్టవలసింది ఆ రూపాన్నే.

1. ముందుగా తేల్చుకోవలసింది: మీరు ఏ జాబితా ప్రకారం ఆడుతున్నారు?

ప్రపంచంలో స్క్రాబుల్ పోటీలకు ప్రధానంగా రెండు పదజాబితాలున్నాయి. భారతదేశంతో సహా చాలా దేశాల్లో కాలిన్స్ జాబితా చెల్లుతుంది. అమెరికా, కెనడాల్లో ఎక్కువగా ఎన్‌డబ్ల్యూఎల్ అనే జాబితాను వాడతారు. 2019 నాటి కాలిన్స్ ముద్రణలో రెండక్షరాల పదాలు 127 ఉన్నాయి, అమెరికా జాబితాలో అవి 107 మాత్రమే.

ఈ తేడాను తేలికగా తీసుకోవద్దు. హైదరాబాదులో ఆడే పిల్లవాడు, డాలస్‌లో ఆడే వాడి పెదనాన్న కూతురు వేసవి సెలవుల్లో ఒకే బోర్డు ముందు కూర్చుంటే మొదటి తగవు ‘జెడ్–ఓ’ దగ్గరే వస్తుంది. అది కాలిన్స్‌లో ఉంది, అమెరికా జాబితాలో లేదు. ‘జే–ఏ’ సంగతీ అంతే. ఆట మొదలవకముందే ఏ జాబితా అన్నది ఇద్దరూ ఒప్పుకొని కాగితం మీద రాసుకోవడం మంచిది.

కింద ఇచ్చిన పదాలన్నీ కాలిన్స్ ప్రకారం ఇచ్చినవి. అమెరికా జాబితాతో ఆడేవారు ఒక్కొక్క పదాన్నీ తమ జాబితాలో సరిచూసుకున్నాకే నోటుపుస్తకంలోకి ఎక్కించుకోవాలి.

2. నోటుపుస్తకాన్ని సిద్ధం చేసుకోవడం

రూళ్ళ పుస్తకంలో ఒక్కో పేజీకి నాలుగు నిలువు వరుసలు గీయండి.

- మొదటి వరుసలో పదంలోని అక్షరాలను ఆంగ్ల అక్షరక్రమంలో పేర్చి రాయండి.
- రెండో వరుసలో అసలు పదం రాయండి.
- మూడో వరుసలో తెలుగులో అర్థం రాయండి. నాలుగు మాటలు మించకూడదు.
- నాలుగో వరుసలో ఆ పదానికి ముందు గాని వెనుక గాని చేర్చదగిన అక్షరాలు రాయండి. ఆటగాళ్ళు వీటిని హుక్‌లు అంటారు.

మొదటి వరుస అనవసరమని చాలామంది వదిలేస్తారు, కాని నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది అదే. ఆటలో మీ చేతికి పదం రాదు, చిందరవందరగా అక్షరాలు వస్తాయి. ఏ, డీ, ఐ, క్యూ అన్న నాలుగు అక్షరాలను చూడగానే రెండు పదాలు స్ఫురించాలంటే, సాధన కూడా ఆ నాలుగు అక్షరాల నుంచే మొదలవ్వాలి.

3. మొదటి మెట్టు: పదకొండు రెండక్షరాల పదాలు

జే, క్యూ, ఎక్స్, జెడ్ ఉన్న రెండక్షరాల పదాలు కాలిన్స్‌లో పదకొండే. వీటిని ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. ఎక్స్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే అందులో ఒక చక్కని అమరిక ఉంది.

- ఏ–ఎక్స్: గొడ్డలి, గొడ్డలితో నరకడం
- ఈ–ఎక్స్: మాజీ భర్త లేక భార్య, కొట్టివేయడం
- ఓ–ఎక్స్: ఎద్దు
- ఎక్స్–ఐ: గ్రీకు లిపిలో 14వ అక్షరం
- ఎక్స్–యూ: వియత్నాం చిల్లర నాణెం

ఆంగ్లంలోని అయిదు అచ్చులూ ఇందులో ఒక్కొక్కసారి వచ్చాయి. ఏ, ఈ, ఓ మూడూ ఎక్స్‌కు ముందు నిలుస్తాయి, ఐ, యూ రెండూ దాని వెనుక నిలుస్తాయి. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే బోర్డు మీద ఏ అచ్చు కనిపించినా దాని పక్కన ఎక్స్‌ను ఏ వైపున పెట్టవచ్చో వెంటనే చెప్పగలరు.

తరువాత జెడ్. ఏ, ఈ, ఓ అన్న ఆ మూడు అచ్చులే ఇక్కడ జెడ్ వెనుక వస్తాయి.

- జెడ్–ఏ: పిజ్జాకు వాడుకలో ఉన్న పొట్టి పేరు
- జెడ్–ఈ: స్త్రీ పురుష భేదం చెప్పని సర్వనామం
- జెడ్–ఓ: జడల బర్రెకూ ఆవుకూ పుట్టిన సంకర పశువు

జేకు రెండే ఉన్నాయి. ‘జే–ఏ’ దక్షిణాఫ్రికా ఆంగ్లంలో ‘ఔను’ అనే మాట. ‘జే–ఓ’ స్కాట్లాండులో ప్రియమైన వ్యక్తిని పిలిచే మాట. ఇక క్యూకు మిగిలింది ‘క్యూ–ఐ’ ఒక్కటే. చైనా సంప్రదాయంలో శరీరంలో ప్రవహించే జీవశక్తిని ఆ మాటతో చెబుతారు. మన ‘ప్రాణం’ అన్న మాటను పక్కన రాసుకుంటే ఇక మరిచిపోవడం ఉండదు.

పనిలో పనిగా మరొకటి గుర్తుంచుకోండి. వీ అక్షరంతో రెండక్షరాల పదం ఏ జాబితాలోనూ లేదు. దాని కోసం వెతుకుతూ గడియారాన్ని ఖర్చుచేయకండి.

4. రెండో మెట్టు: యూ తోడు లేని క్యూ

ఈ మెట్టు మీద ఎక్కువ సమయం గడపండి. ఓడిపోయిన ఆటల్ని తిరిగి చూసుకుంటే వాటిలో చాలావాటికి కారణం ఇక్కడే దొరుకుతుంది.

ఒక ఆదివారం నేను ఆట నేర్పుతున్న పదో తరగతి అమ్మాయి ర్యాక్ (బిళ్ళలు నిలబెట్టుకొనే పట్టె) మీద క్యూ, ఏ, టీ, డీ, ఎన్, ఆర్, ఈ ఉన్నాయి. ‘యూ వస్తే వేస్తానండీ’ అంటూ తక్కిన బిళ్ళల్ని మారుస్తూ అయిదు వంతులు గడిపింది. అప్పటికే నాలుగు యూలూ బోర్డు మీద కనిపిస్తూనే ఉన్నాయి. ఎదుటి అమ్మాయి బిళ్ళలన్నీ ముందుగా ముగించింది. చేతిలో మిగిలిన క్యూ విలువ 10, ముగింపు లెక్కలో అది ఆమె పాయింట్లలో తగ్గి ఎదుటి అమ్మాయికి చేరుతుంది గనుక ఇద్దరి మధ్య 20 పాయింట్ల తేడాగా మారుతుంది. ఆ అమ్మాయి ఓడిపోయింది 11 పాయింట్లతో. ‘క్యూ–ఏ–టీ’ అన్న మూడక్షరాల పదం మొదటినుంచీ ఆమె కళ్ళముందే ఉంది.

లెక్క చూడండి. సంచిలో ఉండే 100 బిళ్ళల్లో యూలు నాలుగే, ఏలు తొమ్మిది, ఐలు తొమ్మిది. కాబట్టి క్యూ చేతికి రాగానే యూ కోసం ఎదురుచూడడం కంటే ఏ, ఐల వైపు చూడడం తెలివైన పని.

తెలుగువారికి ఇక్కడ ఒక గొప్ప సౌలభ్యం ఉంది. ఈ పదాల్లో సగానికి పైగా అరబ్బీ, పారసీ, ఉర్దూల నుంచి ఆంగ్లంలోకి వెళ్ళినవే. వాటిని మనం వార్తల్లోనూ వీధుల్లోనూ భోజనాల దగ్గరా వింటూనే ఉన్నాం. తెలియనిది వాటి ఆంగ్ల వర్ణక్రమమే.

మూడక్షరాలవి:

- క్యూ–ఏ–టీ: యెమెన్, ఇథియోపియా ప్రాంతాల్లో ఉత్సాహం కోసం నమిలే ఆకు. ఇదే మాటను కే–ఏ–టీ అనీ, కే–హెచ్–ఏ–టీ అనీ కూడా రాయవచ్చు.
- క్యూ–ఐ–ఎన్: చైనా తీగల వాద్యం.

నాలుగక్షరాలవి:

- క్యూ–ఏ–డీ–ఐ: ఇస్లామీయ న్యాయాధికారి. మనం ఖాజీ అంటాం.
- క్యూ–ఏ–ఐ–డీ: ముఖ్యుడు, నాయకుడు. క్వాయిద్–ఎ–ఆజం అన్న బిరుదులోని మాట ఇదే.
- డబ్ల్యూ–ఏ–క్యూ–ఎఫ్: ధర్మకార్యాలకు అంకితం చేసిన ఆస్తి. వక్ఫ్ బోర్డు పేరు విననివారు మనలో ఉండరు.
- క్యూ–ఓ–పీ–హెచ్: హీబ్రూ లిపిలో 19వ అక్షరం.

మొదటి రెండు పదాల్లో ఉన్నవి సరిగ్గా ఏ, డీ, ఐ, క్యూ అన్న నాలుగు అక్షరాలే. రెండూ తెలిసినవారికి ఒక చోట కుదరనిది మరో చోట కుదురుతుంది. ఈ జంటను ఒకే గడిలో రాసుకోండి.

అయిదక్షరాలవి:

- ఎఫ్–ఏ–క్యూ–ఐ–ఆర్: ఫకీరు. కేతో కూడా రాయవచ్చు.
- టీ–ఏ–ఎల్–ఏ–క్యూ: తలాక్. క్యూతో ముగిసే అరుదైన పదాల్లో ఇది ఒకటి.
- టీ–ఆర్–ఏ–ఎన్–క్యూ: మనసును శాంతపరిచే మందుకు పొట్టి పేరు.
- ఎన్–ఐ–క్యూ–ఏ–బీ: ముఖాన్ని కప్పే ముసుగు, నికాబ్.
- క్యూ–ఏ–ఎన్–ఏ–టీ: ఇరాన్‌లో భూమి లోపల తవ్వి కొండ నీటిని ఊళ్ళోకి మళ్ళించే కాలువ. బీదర్‌లోని కరేజ్ ఈ పద్ధతిలో తవ్వినదే.
- క్యూ–ఐ–బీ–ఎల్–ఏ: నమాజు చేసేటప్పుడు తిరిగి నిలిచే మక్కా దిక్కు.
- క్యూ–ఓ–ఆర్–ఎమ్–ఏ: కుర్మా. కేతో రాసేదే మనకు ఎక్కువగా కనిపిస్తుంది, క్యూతోనూ చెల్లుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ‘ఖ’ శబ్దం ఉన్న ప్రతి ఉర్దూ మాటా క్యూతో చెల్లుతుందని అనుకోకండి. చెవికి తెలిసిన మాట అర్థాన్ని గుర్తుంచుకోవడానికి సాయపడుతుంది, అంతకుమించి ఏదీ తేల్చదు. వర్ణక్రమం చెల్లుతుందా లేదా అన్నది జాబితాయే చెప్పాలి.

5. మూడో మెట్టు: అర్థం నుంచి హుక్‌ను రాబట్టడం

పదం నామవాచకమైతే సాధారణంగా బహువచనం ఉంటుంది. క్రియ అయితే భూతకాల రూపం ఉంటుంది. ‘ఔను’, ‘అయ్యో’ వంటి మాట అయితే చాలా సందర్భాల్లో ఏమీ చేరదు. అందుకే మూడో వరుసలో తెలుగు అర్థం రాయమన్నాను. ‘ప్రాణశక్తి’ అన్నది వస్తువు పేరు వంటిది గనుక క్యూ–ఐ–ఎస్ చెల్లుతుందని ఊహించవచ్చు, చెల్లుతుంది కూడా. క్యూ–ఏ–టీ, డబ్ల్యూ–ఏ–క్యూ–ఎఫ్, టీ–ఏ–ఎల్–ఏ–క్యూ, ఎక్స్–ఐ, జెడ్–ఏ, ఇవన్నీ ఎస్‌ను తీసుకుంటాయి.

ఏ–ఎక్స్, ఈ–ఎక్స్ క్రియలు కూడా కావడం వల్ల వాటికి ఈ–డీ, ఐ–ఎన్–జీ చేరతాయి. ఎద్దుకు బహువచనం చివర ఈ–ఎన్ చేరుతుందని బడిలోనే చదువుకున్నాం. ‘జే–ఓ’కు ఈ–ఎస్ చేర్చి జే–ఓ–ఈ–ఎస్ అని రాస్తే రెండు జాబితాల్లోనూ చెల్లుతుంది.

ముందు చేరే అక్షరాలను అర్థం చెప్పదు, వాటిని విడిగా నేర్చుకోవాలి. ఏ–ఎక్స్‌కు ముందు ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్, టీ, డబ్ల్యూ వంటివి చేరతాయి. ఓ–ఎక్స్‌కు ముందు బీ, సీ, ఎఫ్, ఎల్, పీ వంటివి చేరతాయి. ఈ–ఎక్స్‌కు ముందు హెచ్, వీ వంటివి చేరతాయి. క్యూ–ఐకి ముందు ఏదీ చేరదు, వెనుక ఎన్, ఎస్ చేరతాయి.

6. జే, జెడ్‌లతో మరో ఎనిమిది

వీటి మీద ఎక్కువ సేపు ఆగనక్కరలేదు.

- ఆర్–ఏ–జే: ఏలుబడి
- టీ–ఏ–జే: దర్వేషులు పెట్టుకొనే పొడవాటి టోపీ
- హెచ్–ఏ–జే: మక్కా యాత్ర
- జెడ్–ఏ–ఎక్స్: ఇంటి కప్పుకు పరిచే పలకరాళ్ళను కోసే పనిముట్టు
- డీ–జెడ్–ఓ: ‘జెడ్–ఓ’కే మరో వర్ణక్రమం
- ఏ–జెడ్–ఓ: నత్రజనికి సంబంధించిన రసాయనశాస్త్రపు మాట
- ఎఫ్–ఈ–జెడ్: కుచ్చు వేలాడే ఎర్ర టోపీ
- ఏ–డీ–జెడ్–ఈ: వడ్రంగి బాడిశ

మొదటి మూడింటికి బహువచనం చేసేటప్పుడు ఎస్ మాత్రమే చేర్చి పొరబడతారు. వాటికి చేర్చవలసింది ఈ–ఎస్.

7. నాలుగో మెట్టు: బోర్డు మీద చోటు వెతకడం

రెండక్షరాల పదాల్లో జే, క్యూ, జెడ్ ఎప్పుడూ మొదటి స్థానంలోనే ఉంటాయి. కాబట్టి వాటికి చోటు వెతికేటప్పుడు, సరిపడే అచ్చుకు ఎడమన గాని పైన గాని ఖాళీ గడి ఉన్నదా అని మాత్రమే చూడాలి. ఎక్స్ ఒక్కదానికే అన్ని వైపులా చూడాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బోర్డు మీద ఒక ఐ ఉంది, దానికి ఎడమన ఉన్న ఖాళీ గడి అక్షరం విలువను మూడింతలు చేసే గడి. మీ చేతిలో క్యూ, ఐ రెండూ ఉన్నాయి. క్యూను ఆ గడిలో పెట్టి, దాని కింద మీ ఐని పెట్టండి. అడ్డంగా ఒక క్యూ–ఐ, నిలువుగా మరొక క్యూ–ఐ ఏర్పడతాయి. క్యూకు 30, ఐకి 1, వెరసి ఒక్కో వైపు 31. రెండు వైపులా కలిపి 62. రెండే బిళ్ళలతో అరవై రెండు పాయింట్లు! అది రెండింతల గడి అయినా 42 వస్తాయి.

పెట్టే ముందు ఒకటి సరిచూడాలి. కింద పెట్టిన ఐకి పక్కన మరే అక్షరమైనా తగులుతున్నదా? తగిలితే అక్కడ ఏర్పడే పదమూ చెల్లాలి. చెల్లకపోతే ఎదుటివారు సవాలు చేస్తారు, మీ బిళ్ళలు వెనక్కి వస్తాయి, ఆ వంతూ పోతుంది.

8. వల్లెవేసే క్రమం

పైన చెప్పినవన్నీ కలిపి 32 పదాలు. ఒక్కోదానికీ ఒక చిన్న అట్టముక్క తీసుకోండి. ముందువైపు అక్షరక్రమంలో పేర్చిన అక్షరాలు, వెనుకవైపు పదం, అర్థం, హుక్‌లు ఉండాలి.

1. మొదటి రోజు పదకొండు రెండక్షరాల పదాలు మాత్రమే చదవండి.
2. రెండో రోజు వాటిని పరీక్షించుకున్నాక, క్యూ ఉన్న మూడు, నాలుగు అక్షరాల పదాలు ఆరు చేర్చండి.
3. మూడో రోజు కొత్తవి వద్దు. తప్పిన అట్టముక్కలను మాత్రమే మళ్ళీ చూడండి.
4. నాలుగో రోజు అయిదక్షరాలవి ఏడు, అయిదో రోజు మిగిలిన ఎనిమిది చేర్చండి.
5. ఆ తరువాత సరిగ్గా చెప్పిన అట్టను మూడు రోజులకు, మళ్ళీ చెప్పగలిగితే వారానికి, ఆపైన నెలకు వాయిదా వేయండి. తప్పిన అట్ట మాత్రం మర్నాడే రావాలి.

పిల్లలతో చేయిస్తున్నట్లయితే పదాన్ని చూపించి అర్థం అడగకండి. అక్షరాలు చూపించి పదం అడగండి, తరువాత అర్థం, ఆ తరువాత ‘దీనికి ఎస్ చేరుతుందా, ఎందుకు?’ అని అడగండి. ఆ ‘ఎందుకు’కు జవాబు చెప్పగలిగిన పిల్లలు బల్ల దగ్గర తడబడరు.

9. తరచు జరిగే తప్పులు, వాటి సవరణ

మనిషి పేరో ఊరి పేరో అనుకొని వేయకపోవడం. టీ–ఏ–జే అంటే తాజ్‌మహల్ అనీ, ఎక్స్–ఐ అంటే చైనా నాయకుడి పేరనీ భావించి వదిలేస్తారు. విశేషనామాలు చెల్లవన్న నియమం నిజమే. అయితే ఈ పదాలు జాబితాలోకి వచ్చింది ఆ పేర్ల వల్ల కాదు, టోపీ, గ్రీకు అక్షరం అన్న అర్థాల వల్ల. సవరణ: అర్థాల వరుసను మళ్ళీ చదవండి.

మన మాటలన్నీ చెల్లుతాయనుకోవడం. కుర్మా చెల్లింది గదా అని ఇంట్లో వండే ప్రతి కూర పేరూ వేసేవారున్నారు. సవరణ: కాలిన్స్ డిక్షనరీ వెబ్‌సైట్‌లో స్క్రాబుల్ పదాలను సరిచూసే సదుపాయం ఉంది. ఆట అయ్యాక అనుమానమున్న మాటలన్నీ అక్కడ చూసి నోటుపుస్తకంలో ఎక్కించండి.

ఎస్ బిళ్ళను అయిదారు పాయింట్ల కోసం పారేయడం. సంచిలో ఎస్‌లు నాలుగే ఉంటాయి. సవరణ: ఎస్ వేసే ముందు, అది లేకుండా వేస్తే ఎన్ని పాయింట్లు తగ్గుతాయో లెక్కగట్టండి. తేడా ఎనిమిదికి లోపు ఉంటే దాచుకోవడం మేలని నా అభిప్రాయం.

క్యూను చివరిదాకా పట్టుకొని కూర్చోవడం. సవరణ: రెండు వంతులు గడిచినా చోటు దొరకకపోతే బిళ్ళను మార్చుకోండి. సంచిలో కనీసం ఏడు బిళ్ళలు ఉన్నంతవరకే మార్పిడికి అనుమతి ఉంటుందని మరవకండి.

10. ఆటకు కూర్చునే ముందు సరిచూసుకోవలసిన పట్టిక

- ఏ జాబితాతో ఆడుతున్నామో ఇద్దరికీ తెలుసు.
- ఎక్స్‌కు ముందు ఏ, ఈ, ఓ వస్తాయని, వెనుక ఐ, యూ వస్తాయని చూడకుండా చెప్పగలను.
- ఏ, డీ, ఐ, క్యూ కనిపిస్తే రెండు పదాలూ చెప్పగలను.
- యూ లేని క్యూ పదాలు కనీసం పది, అర్థాలతో సహా చెప్పగలను.
- రాజ్, తాజ్, హజ్‌లకు ఈ–ఎస్ చేరుతుందని తెలుసు.
- క్యూ చేతిలో ఉంటే, బోర్డు మీద ఎన్ని యూలు పడిపోయాయో ప్రతి వంతులోనూ లెక్కపెడతాను.
- సంచిలో ఏడు బిళ్ళలకు తగ్గకముందే క్యూ సంగతి తేల్చుకుంటాను.